తరాజులో నిద్రపోయిన పిల్లాడు

"...నా పేరు మార్చకు పద్మా, సారంగపాణి అనే రాయి బిడ్డా. మేడారం జాతర, సాల్ డెబ్బై ఆరు. ఇగ చెప్త, జర నిమ్మళంగ రాయి."

సీక్రెట్ ఏజెంట్ సారంగపాణి ఆ జాతరలో బెల్లం సేటు వేషంలో కూర్చున్నాడు. అక్కడ మొక్కు ఉన్నవాళ్లు బిడ్డను తరాజు పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో బిడ్డ ఎత్తు బెల్లం తూచి అమ్మవార్లకు ఇస్తారు.

ఒక విదేశీ ముఠా డాక్యుమెంటరీ యూనిట్ పేరుతో దిగింది. ఇక్కడి జనం ఆకలితో చస్తున్నారని ప్రపంచానికి చూపాలని వాళ్ల ప్లాన్. ఫిల్మ్ దేశం దాటకూడదని బాస్ కిషన్ రావు ఆర్డర్.

యూనిట్‌కు కామెంటరీ చదివేది నిర్మల. నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర. వాళ్ల జీతం తింటూ మనకు కబురు మోసే డబుల్ ఏజెంట్. ఆమె దుకాణానికి వచ్చి బెల్లం రుచి చూసి, చేదుగా ఉందంది. అది కోడ్ వర్డ్. షూటింగ్ అయిపోయిందని అర్థం.

వాళ్లు తీసింది మొక్కు తీర్చడానికి వచ్చిన చిలుకమ్మ కొడుకును. ములుగు నుంచి ఎడ్లబండిలో వచ్చి అలసిన పిల్లాడు, మొహానికి పసుపుతో తరాజులోనే నిద్రపోయాడు. చుట్టూ ఆడవాళ్లు పూనకంతో ఊగుతున్నారు. కెమెరా బెల్లం ఉన్న పళ్లెం వదిలేసి పిల్లాడినీ, ఆ విరబోసిన జుట్లనూ పట్టుకుంది. డప్పుల సౌండ్ తీసేసి, చచ్చిన బిడ్డ, ఏడుస్తున్న తల్లులు అని తనను చదవమన్నారని నిర్మల చెప్పింది.

పక్కనే ఉన్న చిలుకమ్మ ఇది విన్నది.

"మొక్కు తీరిన పూటనే నా కొడుకును సంపుతాండ్రా సేటూ? ఆ ఫిల్మ్ కాలబెట్టున్రి."

సారంగపాణి ఒట్టేశాడు.

కాజీపేట స్టేషన్. రైలు కూత వేసింది. కూలీ వేషంలో ఉన్న సారంగపాణి ఫిల్మ్ డబ్బా మార్చేశాడు. ముఠా నాయకుడు దాన్ని ఎత్తి చూసి ఓకే అన్నాడు. అందులో సరిగ్గా రీలు ఎత్తు బెల్లం ఉంది. రైలు కదిలింది. ప్లాన్ ఫెయిల్.

అసలు రీలు కిషన్ రావు టేబుల్ మీదికి చేరింది. తల్లికి మాటిచ్చానని, కాల్చేద్దామని సారంగపాణి అడిగాడు.

"ఇంత మంచి షాట్ కాలుస్తరానయ్యా?" అన్నాడు బాస్.

కొన్నాళ్లకు, కొడుకు తెర మీద కనిపిస్తున్నాడని ఊరివాళ్లు చెబితే చిలుకమ్మ కొడుకును ఎత్తుకుని హనుమకొండ టాకీసుకు వచ్చింది. కబురు తెలిసి సారంగపాణి కూడా వచ్చి ఆమె వెనక కూర్చున్నాడు. సినిమాకు ముందు న్యూస్‌రీల్ వేశారు. అదే తరాజు, అదే పిల్లాడు. ఆ వెంటనే ఏదో ఆసుపత్రి మంచం, దుప్పటి కింద ఇంకెవరివో కాళ్లు. ప్రభుత్వ వైద్యంతో మృత్యుముఖం నుంచి బయటపడిన బాలుడని కామెంటరీ. గొంతు నిర్మలదే. హాలంతా చప్పట్లు.

చిలుకమ్మ వెనక్కి తిరిగింది. "వీనికి జరం సుత రాలే సేటూ."

పక్క సీటాయన కసిరాడు. "తెర మీద కండ్లకు కనబడుతాంది గదనమ్మా, నీకేమెరుక?"

"ఇగ చాలు బిడ్డా. చిలుకమ్మ కొడుకు యాకయ్య లారీ మీద పోయిండు. వచ్చినంక ఇది సదివి ఇనిపియ్యి. నన్ను బతికిచ్చిన జాగ అని, ఇప్పటికీ ఆ తెర మీది దవాఖాన ముందట బండి ఆపి దండం పెడ్తాండు."