పిలుపుల తిప్ప

ఆ తిప్ప దగ్గర రాత్రిపూట లంగరు వెయ్యకూడదని మా రేవులో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు.

శాన్ డియాగోలో బయల్దేరి, మెక్సికో నీళ్ళలోకి దక్షిణంగా రెండు రాత్రులు పడవ నడిస్తే వస్తుందది. వచ్చినట్టు కంటికి తెలియదు. రాయి ఉండదు, ఇసుక ఉండదు. నీళ్ళ అడుగున ఒక కొండ లేచి, పైకి వద్దామనుకుని, ఎందుకో ఆగిపోయింది... అంతే. ఆ కొండ నెత్తి మీద మాత్రం చేపలే చేపలు. మనిషంత ట్యూనాలు. అందుకే వద్దు వద్దంటూనే అందరూ వెళ్తారు.

మా తాతల కాలంలో పదకొండు మంది ఉన్న వేట పడవ ఒకటి అక్కడ రాత్రికి రాత్రే మునిగిపోయింది. చెక్కముక్క కూడా దొరకలేదు. అప్పట్నుంచీ అర్ధరాత్రి దాటాక ఆ నీళ్ళలోంచి పిలుపు వస్తుందని చెప్పుకుంటారు. నీ పేరు పెట్టే పిలుస్తుందట — నీకు తెలిసిన గొంతుతోనే. పలికావా, పోయావు. పలక్కూడదు, చూడకూడదు. వీపు తిప్పి, చెవులు మూసుకుని, ఆగేదాకా అలాగే నిలబడాలి.

ఈ మాట అర్మిందో ఫుర్తాదోకి వాళ్ళ తాత చెప్పాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒకసారి, మొదటిసారి పడవెక్కుతుంటే భుజం పట్టుకుని ఒకసారి. చివరికి ఆసుపత్రి మంచం మీద మనవడి పేరు కూడా మర్చిపోయిన ముసలాయన, ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

"తెలిసిన గొంతే ఉంటుందిరా... మోసపోకు."

అర్మిందోకి ఇప్పుడు అరవై దాటాయి. పడవ ఇంజన్లు బాగుచేసి బతికినవాడు. అతనూ, ఇళ్ళలో టైల్సు పరిచే దువార్తే, పళ్ళ డాక్టరు గిల్ ఒకమోటో, స్కూలు బస్సు నడిపే వెండెల్ ప్రూయిట్ — నలుగురూ చిన్నప్పుడు ఒకే బడి. ఏటా అక్టోబరులో ఎనిమిది రోజులు, పెళ్ళాల్నీ పనుల్నీ ఒడ్డున వదిలేసి, టిక్కెట్టు కొని పదిమందితో ఎక్కే వేట పడవ ఒకటుంటే, దాంట్లో వేటకి పోయేవాళ్ళు. పగలు గేలాలు, రాత్రి పేకాట, మధ్యలో బీరు, అన్నిట్లోనూ అబద్ధాలు. అలా పందొమ్మిదేళ్ళు.

నలుగురిలో వేట రానివాడు వెండెలే. అందరికంటే పెద్ద చేప అతని గేలానికే పడేది, పడవ దాకా వచ్చి అదే తెంపుకుపోయేది. తెంపుకుపోయినప్పుడల్లా పడవంతా ఊగేలా నవ్వేవాడు. తిప్ప గురించి భయపెడితే రెయిలింగు మీదికి వంగి, "ఏం కావాలోయ్? బీరు కావాలా?" అని చీకట్లోకి అరిచేవాడు.

"అరవకురా వెధవా," అనేవాడు అర్మిందో, నిజంగానే వణుకుతూ.

ఇరవయ్యో ఏడు ఆ తిప్ప దగ్గరే వెండెల్ పోయాడు.

ఆ రోజు చేపలు తెగ పడుతుంటే పడవ చీకటి పడ్డాక కూడా అక్కడే ఉండిపోయింది, ఒంటిగంట దాకా అందరూ చేపలు పట్టారు. చేపలు ఎర ముట్టడం మానేశాక ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి పడుకున్నారు. వెండెల్ మాత్రం, "ఇంకొక్క ఎర... ఒక్కటేరా," అంటూ పడవ వెనక ఉండిపోయాడు. తెల్లారి టిఫిను దగ్గరికి రాలేదు. దువార్తే అతని పడక పరదా లాగాడు. దుప్పటి మడత మడతలాగే ఉంది.

రెండు రోజులు వెతికారు. మెక్సికో నౌకలు వచ్చాయి, విమానం వచ్చింది. నీళ్ళు ఏమీ ఇవ్వలేదు.

అధికారులు అడిగితే ముగ్గురూ ఒకటే చెప్పారు. పడుకున్నాం, నిద్రపట్టింది, ఏమీ తెలియదు.

మరుసటేడు ఎవరూ వేట మాటెత్తలేదు. ఆ పైయేడు సెప్టెంబరులో వెండెల్ భార్య నడీన్ ముగ్గుర్నీ ఇంటికి పిలిచి, కాఫీ పోసి, నిలబడే చెప్పింది.

"ఈసారి వెళ్తున్నాం. వాడి పడక నాకివ్వండి."

"నడీన్, అక్కడ చూడ్డానికి ఏముందమ్మా? ఒట్టి నీళ్ళు," అన్నాడు గిల్.

"ఆ నీళ్ళే చూస్తాను. నాకు సమాధి లేదు గిల్. పువ్వు పెట్టుకోవడానికి ఓ రాయి లేదు."

అర్మిందో కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాడు. రానని చెప్పడానికి మూడుసార్లు ఫోను తీశాడు. ఏం కారణం చెప్పాలో తెలియక మూడుసార్లూ పెట్టేశాడు.

వెళ్ళారు.

మూడో రోజు పొద్దున్న తిప్ప చేరారు. నడీన్ పుట్టి బుద్ధెరిగి గేలం పట్టలేదు. దువార్తే ఎర గుచ్చిచ్చాడు, గిల్ పక్కన నిలబడి ఎప్పుడు చుట్టాలో ఎప్పుడు వదలాలో చెప్పాడు. మధ్యాహ్నం ఒక ట్యూనా పట్టింది చూడండి... గేలం కర్ర విల్లులా వంగిపోయింది. నలభై నిమిషాలు. ఆమె కొట్టుకుపోకుండా వెనక నుంచి నడుం బెల్టు పట్టుకున్నవాడు అర్మిందో. చేప పైకి వచ్చి డెక్కు మీద దబదబ కొట్టుకుంటుంటే నడీన్ కూలబడి, రెండేళ్ళలో మొదటిసారి నవ్వింది.

"దీనికోసమా దొంగసచ్చినోడు ఏటా నన్ను వదిలేసి వచ్చింది! సర్లే... ఒప్పుకుంటున్నా." అని, అర్మిందో చెయ్యి పట్టుకుంది. "నువ్వు లేకపోతే నేనూ నీళ్ళలోకే పోయేదాన్ని."

అతను చెయ్యి విడిపించుకుని పడవ ముందువైపుకి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా వెనక్కి రాలేదు.

ఆ రాత్రి అక్కడే ఉందామని నడీనే అడిగింది. కెప్టెన్ ట్రాస్క్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ పడవకి ఆయన కొత్త. తిప్ప పేరు విన్నాడు గానీ నమ్మేరకం కాదు. లంగరు వేశాడు.

పన్నెండు దాటింది. తక్కిన జనం పడుకున్నారు. డెక్కు దీపాలు ఆర్పేశారు. వెన్నెల లేదు. పడవ వెనక నలుగురూ కూర్చున్నారు. పడవ పక్క నీళ్ళు గుటకలు వేస్తున్న చప్పుడు ఒక్కటే.

అప్పుడు వినిపించింది.

దూరంగా... నీళ్ళ మీద... సాగదీస్తూ, ఏడుస్తున్నట్టు — ఒక్క కేక.

దువార్తే చేతిలో బీరు సీసా జారిపోయింది. "నన్నే..." అన్నాడు. "నా పేరే."

"నీ పేరు కాదు," అన్నాడు గిల్, మెల్లిగా. "గిల్ అంది."

మళ్ళీ వచ్చింది. ఈసారి దగ్గరగా. ఒకటి కాదు... రెండు. మూడు. చీకటి నలుమూలల నుంచీ.

అర్మిందో అప్పటికే లేచి నీళ్ళకి వీపు తిప్పేశాడు. రెండు చేతులూ చెవుల మీద. కళ్ళు గట్టిగా మూసుకుని, చలిజ్వరం వచ్చినవాడిలా ఊగిపోతున్నాడు.

నడీన్ మాత్రం రెయిలింగు దగ్గరికి పరుగెత్తింది.

"పలకొద్దు!" అన్నాడు దువార్తే.

"వెండెల్!" అని గుండెలవిసేలా అరిచింది ఆమె. "వెండెల్! నేనే! ఇక్కడున్నా!"

ఆ అరుపుకి పైనున్న కెప్టెన్ ఉలిక్కిపడి సెర్చిలైటు వేశాడు. తెల్లటి వెలుగు నీళ్ళ మీద పడి, పాకి, ఒకచోట ఆగింది.

పిట్టలు.

గుప్పెడంత నల్ల పిట్టలు. వేలకొద్దీ. అలల మీద పడుకుని, మెడలు చాచి, కేకలు వేస్తున్నాయి. వెలుగు తగలగానే ఒక్కసారి నోళ్ళు మూసుకున్నాయి. బుర్రున లేచి చీకట్లోకి పోయాయి.

"అవేనా!" కెప్టెన్ పైనుంచి నవ్వాడు. "అటు మనుషుల్లేని దీవి ఉంది, అక్కడ గూళ్ళు పెడతాయి. రాత్రి గూటికి పోయేముందు ఇలా నీళ్ళ మీద చేరి గోల చేస్తాయి. దీపం వేస్తే నోరెత్తవు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడలేదు కాబోలు."

దువార్తే కూలబడి నవ్వడం మొదలెట్టాడు. కళ్ళమ్మట నీళ్ళు. "మూడు తరాలురా... మూడు తరాలు పిట్టలకి భయపడి చచ్చాం!" గిల్ కూడా నవ్వాడు. నడీన్ రెయిలింగు మీద తల ఆనించుకుని, ఏడుపో నిట్టూర్పో తెలియని చప్పుడొకటి చేసింది.

అర్మిందో నవ్వలేదు. మెల్లిగా చేతులు దించాడు. ఖాళీ నీళ్ళ వంక చూస్తున్నాడు.

"పిట్టలా..." అన్నాడు.

"పిట్టలేరా!"

"అయితే... దెయ్యం లేదా?"

ఆ అడిగిన తీరుకి దువార్తే నవ్వు ఆగిపోయింది.

"ఆ రాత్రి నేను లేచాను," అన్నాడు అర్మిందో. ఎవరి వైపూ చూడకుండా. "మూడింటికి. ఒంటికి వెళ్దామని వచ్చాను. వాడి పడకకి పరదా వేసుంది. లోపల నిద్రపోతున్నాడనుకున్నా. ఇక్కడ ఎవరూ లేరు. అప్పుడు... నీళ్ళలోంచి పిలుపు. నా పేరు పెట్టి. వాడి గొంతుతో."

దువార్తే లేచి నిలబడ్డాడు.

"తాత చెప్పినట్టే చేశా. వీపు తిప్పా. చెవులు మూసుకున్నా."

గిల్ వచ్చి అతని భుజాల చుట్టూ చెయ్యి వేశాడు. "పిచ్చోడా, ఇప్పుడు చూశావుగా. అదీ పిట్టే. నాకు గిల్ అని వినబడింది, వీడికి వాడి పేరు వినబడింది. నీకూ అలాగే. రెండేళ్ళుగా ఇది మోస్తున్నావా?"

"పిట్టేరా," అన్నాడు దువార్తే బతిమాలుతున్నట్టు. "పిట్టే. కాదూ?"

అవునంటే అయిపోయేది. ముగ్గురూ ఆ మాట కోసమే చూస్తున్నారు. నడీన్ కూడా.

"పిట్ట మాట్లాడదు కదరా," అన్నాడు అర్మిందో.

నడీన్ దగ్గరికి వచ్చింది. "ఏమన్నాడు?"

"నడీన్, వద్దు..."

"ఏమన్నాడు?"

 అర్మిందో గుసగుసగా అన్నాడు.

"'ఒరేయ్ మిందో... తాడు వెయ్యరా. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నడీన్‌కి మాత్రం చెప్పకు, నవ్వి చస్తుంది.'"

పడవ ఒకసారి ఊగి నిలబడింది.

"నవ్వుతూనే అన్నాడు," అన్నాడు అర్మిందో. "మొదట నవ్వుతూనే అన్నాడు."

"తర్వాత?"

"తర్వాత... ఒట్టి నా పేరే."

"ఎంతసేపు?"

 "పరదా లాగి చూడ్డానికి నాలుగడుగులు, నడీన్. లాగితే ఖాళీగా ఉంటుందని భయం వేసింది. వెళ్ళి ముసుగు తన్ని పడుకున్నా. పొద్దున్నకి పీడకల అనుకుందామని."

దువార్తే ముఖం చేతుల్లో దాచుకున్నాడు. గిల్ చెయ్యి అర్మిందో భుజం మీద నుంచి ఎప్పుడు జారిందో గిల్‌కే తెలియదు.

నడీన్ కొట్టలేదు, తిట్టలేదు. "మళ్ళీ చెప్పు," అంది.

"ఏంటి?"

"వాడన్న మాట. అన్నది అన్నట్టుగా. వాడెలా అన్నాడో అలాగే."

చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని విని, "మళ్ళీ," అంది. తెల్లారేలోపు ఎన్నిసార్లు చెప్పించిందో లెక్కలేదు.

ఒడ్డుకి రాగానే అధికారుల దగ్గరికి వెళ్ళి అర్మిందో ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు. చెయ్యడానికి ఇంకేమీ లేదన్నారు. ఆ పైన ముగ్గురూ మళ్ళీ పడవెక్కలేదు. దువార్తే, గిల్ అప్పుడప్పుడూ అర్మిందో ఇంటికి వస్తారు, కూర్చుంటారు, వాతావరణం మాట్లాడుకుని వెళ్ళిపోతారు. నడీన్ వీధిలో ఎదురుపడితే అవతలి వైపుకి దాటుతుంది. క్షమించానని చెప్పలేదు. చెప్పదు కూడా.

కానీ ఏటా అక్టోబరులో, వెండెల్ పోయిన తారీఖున, సాయంత్రం అర్మిందోకి ఒకసారి ఫోను చేస్తుంది.

"చెప్పు," అంటుంది. అంతే.

అర్మిందో చెప్తాడు. ఆ నవ్వు, ఆ చలి, ఆ ఆయాసం, అన్నీ ఎలా ఉన్నాయో అలాగే. భర్త ఆమెకి మిగిల్చిపోయిన ఆఖరి మాట అదొక్కటే, అది దాచిపెట్టిన చోటు అతనొక్కడే. విని పెట్టేస్తుంది.

ఈ తంతు నాలుగేళ్ళుగా సాగుతోంది. అర్మిందో భార్య ఒలిందా ఆ సాయంత్రం కావాలనే బయటికి పోతుంది, వినలేక. మొన్న అక్టోబరులో మాత్రం వాన పట్టుకుని ఇంట్లోనే ఉండిపోయింది. వెనక గదిలో బట్టలు మడతపెట్టుకుంటోంది.

అర్మిందో మాట ముగించి, ఫోను పెట్టేసి, వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఒలిందా. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది?" అన్నాడు.

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. గది మూలలన్నీ చూసింది. తలుపు వెనక్కి తొంగిచూసింది. తర్వాత భర్త దగ్గరికి వచ్చి, అతని చొక్కా పట్టుకుని, గుసగుసగా అడిగింది —

"మిందో... వెండెల్ ఏడీ? ఇప్పుడే మాట్లాడాడుగా..."