మోజిటో రంగు గోడ

రంగుల దుకాణంలో గొడవలు కొత్తేమీ కాదు. కానీ డబ్బా వెనక్కి తెచ్చినవాళ్ళు అంత మర్యాదగా గొడవపడటం అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"మీకు కలిగిస్తున్న అసౌకర్యానికి చింతిస్తున్నానండీ. కానీ నేనడిగింది ఇది కాదు. ఇది ఆస్పత్రి గోడ," అంది ఆమె, డబ్బాని కౌంటరు మీద పెడుతూ.

మూత తీసి చూసి, కౌంటరు వెనకున్న అతను కళ్ళు మూసుకున్నాడు. యజమాని బావమరిది చేతిపని అని వాసన చూసి చెప్పొచ్చు. అతనైతే అలాంటిది కలపడు. తెల్ల పెయింటులో చుక్కలు చుక్కలుగా రంగులు వేసి, జనం తెచ్చిన గుడ్డముక్కకో, పగిలిన పింగాణీకో అచ్చుగుద్దినట్టు సరిపోయే షేడ్ తయారుచేయడం అతని పని. అందరూ షేడ్ మాస్టారనే పిలిచేవాళ్ళు. ఆ పిలుపంటే ఎంత మోజంటే, అసలు పేరు పెట్టి పిలిస్తే రెండోసారికి గానీ పలికేవాడు కాదు.

ఇంతకీ ఏ రంగు కావాలని అడిగాడు. మోజిటో రంగు కావాలంది. ఆమె ఓ వాషింగ్ మెషీన్ల కంపెనీకి ఇంట్లో కూర్చుని ఫోన్లు ఎత్తే మనిషి. పొద్దున్నుంచీ జనం తిట్లన్నీ తిని, తిట్టిన ప్రతివాళ్ళకీ చింతిస్తున్నానని చెప్పి, సాయంత్రం పని దిగాక ఒక గ్లాసులో పుదీనా, పంచదార, నిమ్మరసం, తెల్ల రమ్ము, ఐసు, సోడా కలిపి మోజిటో చేసుకుని వెలుతురుకెత్తి చూస్తే గానీ ఆమెకి ప్రాణం లేచిరాదట. ఎదురుగా ఉన్న గోడే ఆ రంగులో ఉంటే ప్రాణం పొద్దున్నే లేచొస్తుంది కదా అని ఆలోచన.

"శాంపిల్ తీసుకురండి. శాంపిల్ లేకుండా షేడ్ కలపం. దుకాణం రూలు," అన్నాడు.

"గ్లాసు పట్టుకుని బస్సెక్కమంటారా?"

"సీసాలో పోసుకురండి."

"బుడగలు చస్తాయి. బుడగల్లేకపోతే ఆ రంగు ఉండదండీ."

అప్పుడు షేడ్ మాస్టారు తలెత్తి ఆమెను సరిగ్గా చూశాడు. బుడగలు పోతే రంగు మారుతుందని తెలిసిన మనిషి అతనికి ఇంతవరకూ తగల్లేదు. ఆ ఒక్క చూపుతో అతని పని అయిపోయింది. ఆ సంగతి అతనికి ఇంకా తెలీదు పాపం.

సామానంతా విడివిడిగా తెస్తే ఇక్కడే కలుపుకుందామని ఉపాయం చెప్పాడు. మర్నాడే సంచీతో వచ్చింది. అతను కొత్త డబ్బా కడిగి, అన్నీ కొలిచి పోసి, సోడా కూడా వంచి, మూత మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, పెయింటు డబ్బాల్ని కుదిపే యంత్రంలో బిగించి స్విచ్చి నొక్కాడు. ఆ దుకాణంలో ఏది కలపాలన్నా అందులోనే కలుపుతారు. అతని తప్పేమీ లేదు, చేతికున్న అలవాటు.

"అందులో సోడా ఉందండీ," అంది ఆమె చాలా మర్యాదగా. అప్పటికే ఆలస్యమైంది.

మూత పైకప్పుకి తగిలింది. పుదీనా దుకాణమంతా చల్లినట్టయింది. లెక్క చూసుకుంటున్న యజమాని తల ఎత్తేసరికి కనుబొమ్మ మీద ఒక ఆకు అతుక్కుని ఉంది. ఆయన దాన్ని తీయకుండానే, ఆ కలపడమేదో ఆమె ఇంటికి పోయి కలుపుకోమని, శాంపిల్ అన్న మాట దుకాణంలో మళ్ళీ వినపడకూడదని తేల్చి చెప్పాడు.

అలా షేడ్ మాస్టారికి ఆ ఇంటికి వెళ్ళడం డ్యూటీ అయింది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడం ఎందుకని, చిన్న డబ్బాలూ బ్రష్షులూ సంచీలో వేసుకుని రోజూ సాయంత్రం బయల్దేరేవాడు. తల దువ్వుకోవడం మాత్రం డ్యూటీలో భాగం కాదు. అయినా దువ్వుకునేవాడు.

ఆ ఇంట్లో ఉండేది ఆమె, ఆమెను పెంచిన నాయనమ్మ. మొదటి రోజు పుదీనా అతని చేతికిస్తే, చెక్కగరిటె కాడతో కసిదీరా నూరేశాడు. ఆకు నల్లబడి చేదెక్కింది. ఆమె గరిటె లాక్కుని, పుదీనాని నూరకూడదు, నిద్రపోతున్న పిల్లని లేపినట్టు మెల్లగా అదమాలి అని చూపించింది. అతను ఆకుల్ని చూడాల్సింది పోయి ఆమె చేతుల్ని చూశాడు. అందుకని ఆ పాఠం రోజూ చెప్పించుకోవాల్సి వచ్చింది.

రంగు చదివే చిన్న యంత్రం తెచ్చి గ్లాసుకి ఆనిస్తే, అది గ్లాసు వెనక కూర్చున్న నాయనమ్మ స్వెట్టరు రంగు చదివింది. ఇక కన్నే దిక్కు. గ్లాసుని గోడ పక్కన పెట్టి, రంగు కలిపి, ఓ అరచేతి మేర పూసి చూసేవాడు. ఇంకో బ్రష్షు కోసం వెనక్కి తిరిగి చూసేసరికి గ్లాసు ఖాళీ.

"నేను మందు ముట్టను. ఇది ఆకు రసం," అనేది నాయనమ్మ, మూతి తుడుచుకుంటూ.

మళ్ళీ గ్లాసు కలపాలి. మళ్ళీ పుదీనా అదమాలి. అతనికేమీ అభ్యంతరం లేదు.

ఒక సాయంత్రం, కిటికీ పక్కన కొత్త మచ్చ కోసం రంగు కలుపుతుంటే అతని చెయ్యి ఆగిపోయింది. డబ్బాలో రంగు సరిగ్గా కుదిరింది. బుడగలతో సహా కుదిరిందా అన్నట్టుంది. ఇది గోడకి పూస్తే ఆమె అవునంటుంది. అవునంటే మిగతా గోడకి ఎవరైనా రంగు వేస్తారు. రేపట్నుంచి ఈ ఇంటికి రావడానికి అతనికి ఏ వంకా ఉండదు. అటూ ఇటూ చూసి డబ్బాలో ఒక చుక్క పసుపు ఎక్కువ వేశాడు. తెలిసి తెలిసి తప్పు షేడ్ కలపడం అతని జన్మలో అదే మొదటిసారి.

ఆమె ఆ మచ్చని చాలాసేపు చూసి, కాదంది. అతను బతికిపోయాననుకున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

గోడ నిండా రకరకాల ఆకుపచ్చ మచ్చలు పడ్డాయి. బూజుపట్టినట్టుందని పక్కింటివాళ్ళు జాలిపడ్డారు. చివరికి యజమానికి ఓపిక నశించింది. ఈ సాయంత్రంతో తేల్చకపోతే రేపట్నుంచి తన బావమరిదిని పంపుతానన్నాడు.

బావమరిది ఆ గోడకి ఆస్పత్రి రంగు పూయడం తల్చుకుంటే అతనికి కడుపు రగిలింది. బావమరిది ఆమె పక్కన నిలబడి పుదీనా అదమడం తల్చుకుంటే ఇంకా రగిలింది. పోనీ, వెళ్ళిపోయేముందు ఆమె అడిగిన గోడైనా ఆమెకి ఇచ్చి పోదామనుకున్నాడు. ఆ సాయంత్రం పసుపు జోలికి పోకుండా, ఉన్న విద్యంతా పెట్టి కలిపాడు. గోడ మధ్యలో పూసి, ఆరనిచ్చి, పక్కన గ్లాసు పట్టుకున్నాడు. గ్లాసు ఎక్కడుందో గోడ ఎక్కడుందో తెలీలేదు.

ఆమె చూసింది. ముఖం చిన్నబోయింది.

"కాదు," అంది.

అంతకుముందైతే అతను ఎగిరి గంతేసేవాడు. కానీ షేడ్ మాస్టారికి ఒళ్ళు మండింది.

"ఏమిటండీ కాదు? ఇంతకన్నా సరిపోయే షేడ్ భూమ్మీద లేదు."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతి..."

"నాకేం అసౌకర్యం లేదు. సరిపోయిందని ఒక్క మాట అనండి చాలు."

"సరిపోయింది. సరేనా? ఆ కిటికీ పక్కది కూడా సరిపోయింది. అప్పుడే చెప్పేస్తే నువ్వు మళ్ళీ వచ్చేవాడివా?"

ఆమె నువ్వనడం అతనికి వినపడింది. కానీ అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది.

"కిటికీ పక్కదా? అది సరిపోలేదు. అందులో పసుపు ఎక్కువుంది."

"లేదు. నేను చూశాను."

"నా చేత్తో వేశాను. సరిపోతే ఇంక రానక్కర్లేదని కావాలనే వేశాను."

బుద్ధున్నవాళ్ళెవరైనా అక్కడ ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వీళ్ళు పసుపు ఉందని ఒకరు, లేదని ఒకరు, కిటికీ దగ్గర నిలబడి ఇంకాసేపు పోట్లాడుకున్నారు. నాయనమ్మ వచ్చి అతని చేతిలోంచి గ్లాసు తీసుకుంది. నిదానంగా తాగింది.

"ఒసే పిల్లా, పసుపు ఉంటే ఏం, లేకపోతే ఏం? ఆడిన ఒక్క అబద్ధాన్నీ ఇతను దాచుకోలేకపోయాడు. ఇలాంటివాణ్ణి వదులుకుంటే మళ్ళీ దొరకడు," అని లోపలికెళ్ళింది.

బయట చినుకులు మొదలయ్యాయి. అప్పుడు గానీ వాళ్ళేమన్నారో వాళ్ళకే అర్థం కాలేదు.

"మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు గోడకేసి చూస్తూ. "ఎప్పట్నుంచో."

"గోడకి చెప్తున్నావా?"

అతను ఆమె వైపు తిరిగి మళ్ళీ చెప్పాడు. ఆమె నాకూ అంది. ఆ మాట ఫోన్లో మాట్లాడే గొంతుతో కాదు, ఇంతవరకూ అతను వినని గొంతుతో అంది.

"రేపొచ్చి గోడంతా పూర్తిచేసేస్తాను," అన్నాడు.

"చెయ్యి. ఎల్లుండి మాత్రం పనేమీ లేకుండా రా."

గోడ పూర్తయింది. ఎల్లుండి వచ్చాడు. బ్రష్షూ డబ్బా లేకపోయేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె వచ్చి ఒకటి పట్టుకుంది.