వన్నెబిళ్ళ

చీపురుపల్లి బస్టాండు ఎదుట తన బండి దగ్గర అసిరమ్మ పునుకుల బాండీలో పిండి వేస్తూ, నెత్తిన పడిన చినుకును మోచేత్తో తుడుచుకుంది. అది వాన కాదు. నీటిపొయ్యి మండితే పుట్టేది మళ్ళీ నీళ్ళే. ఆ ఆవిరి రేకుకప్పుకు తగిలి చల్లబడి, పొద్దస్తమానం చినుకుతూనే ఉంటుంది. ఊళ్ళో గోడలకు మసి పట్టడం మాని పాచి పట్టడం మొదలై చాలా ఏళ్ళయింది.

రోడ్డుకు ఇవతల తన కిరాణా కొట్లో కూర్చుని కోరాడ వైకుంఠం ఆ చినుకుల్ని తృప్తిగా చూస్తున్నాడు. ఆ పొయ్యి ఆమె చేత కొనిపించింది అతనే. పొయ్యిల కంపెనీ ఏజెన్సీ అతనిదే, ఊళ్ళో ఏ పొయ్యి అయినా అతని కొట్టు మీదుగా వెళ్ళవలసిందే.

నీటిలో ప్రాణవాయువు ఉదజనిని, అంటే హైడ్రోజన్‌ను, పట్టుకున్న పట్టు సామాన్యమైంది కాదు. దాన్ని విడిపించడానికి వెనకటివాళ్ళు బంగారం కన్నా ప్రియమైన లోహాలు వాడి చేతులు కాల్చుకున్నారు. తరవాత ఎవరో తెలివైనవాళ్ళు ఇనుమునూ మాంగనీసునూ తెచ్చి నీటికి తగిలించారు. లోహం ప్రాణవాయువును తనవైపు లాక్కుంటుంది. దాంతో ఉదజని మీద పిడికిలి సడలుతుంది. సడలినదాన్ని వేరుచేయడానికి ఎండ చాలు. ఇంటి కప్పు మీద ఆ పని చేసే రేకుకు సడలుపలక అని పేరు. అందులోంచి వచ్చే ఉదజనే నీటిపొయ్యిలో మండుతుంది. కావలసిన మాంగనీసు ఆ చుట్టుపక్కల గుట్టల్లో తట్టలతో ఎత్తుకున్నంత ఉంది. ఆ శాస్త్రంలో వైకుంఠానికి అర్థమైంది, నచ్చింది ఒకే సంగతి. ఇద్దరి మధ్య బిగుసుకున్న బేరాన్ని మూడోవాడు వచ్చి సడలించడం. జీవితమంతా అతను చేసింది ఆ పనే.

ఇబ్బందల్లా ఒకటి. ఉదజని మంటకు రంగు ఉండదు. కాస్త వెలుతురు ఉంటే అసలు కనపడనే కనపడదు. అందుకని కంపెనీవాళ్ళు పొయ్యి మూతిలో పెట్టే బిళ్ళ ఒకటి తయారుచేశారు. అది కరుగుతున్నంతసేపూ మంట పసుపుపచ్చగా కనిపిస్తుంది. దానికి వన్నెబిళ్ళ అని పేరు పెట్టి పంపారు. మొదట్లో ఎవరూ కొనలేదు. ఏం మందో ఏమో, తిండిలో కలుస్తుందని ఆడవాళ్ళు భయపడ్డారు. వైకుంఠం అందరి ఎదుటా ఒక బిళ్ళ కొరికి చప్పరించి, ఇది మనం తినే ఉప్పేనని చెప్పాడు. అబద్ధం కాదు, అందులో ఉన్నది చాలావరకు ఉప్పే. ఆ రోజు నుంచి ఊరికి అది ఉప్పుబిళ్ళ అయింది. అమ్మకం అందుకుంది.

పేరుతోపాటు ఉప్పుకున్న పట్టింపులూ వచ్చి చేరాయి. బిళ్ళను చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవారు. దీపాలు పెట్టాక అడిగేవారు కాదు, అడిగినా అతను ఇచ్చేవాడు కాదు. సందెవేళ ఉప్పు గడప దాటితే లక్ష్మి కూడా దాటుతుందని అతనికి చిన్నప్పటి నుంచీ భయం. ఈ సంగతి కంపెనీకి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం వైకుంఠం భార్య కొట్లో దీపం పెట్టి లోపలికి వెళ్ళింది. అతను బస్సు జనానికి సబ్బులూ బిస్కెట్లూ అందిస్తున్నాడు. అసిరమ్మ పిండి చేతులతోనే రోడ్డు దాటి వచ్చింది.

"సావుకారూ, ఉప్పుబిళ్ళొకటి పడెయ్యి. పొయ్యిలోది ఆవగింజంతయిపోనాది."

"దీపాలెట్టేసినాక ఉప్పడుగుతావేటే? నా కొట్టు నిలబడాలా వొద్దా?"

అసిరమ్మ నాలిక కరుచుకుంది. "నీ లచ్చిమి నా బిళ్ళెనకాలే లేచొచ్చేత్తాదేటి? మా ఇంటికొచ్చినా నిలవదులే" అని నవ్వింది. వైకుంఠమూ నవ్వాడు. ఉన్నదాంతో ఈ పూట లాగించెయ్యమనీ, తెల్లారితే మొదటి బేరం ఆమెదేననీ చెప్పాడు.

విజయనగరం బస్సు వచ్చి ఆగింది. దాని దీపాలు సూటిగా బండి మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే బిళ్ళ పూర్తిగా కరిగిపోయింది, రంగు పోయిన మంట ఆ వెలుగులో కనపడలేదు. హారన్ల మోతలో పొయ్యి బుస వినిపించలేదు. గాలికి ఆరిపోయిందనుకుని అసిరమ్మ బాండీ దించి, గుడ్డతో పొయ్యి మూతి తుడవబోయింది. గుడ్డా కొంగూ అంటుకున్నాక గాని అక్కడ మంట ఉందని ఎవరికీ కనపడలేదు. గోనెసంచులు తీసుకుని అందరికన్నా ముందు పరిగెత్తినవాడు వైకుంఠమే.

ప్రాణం దక్కింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఇక ఆ వేళ్ళు పిండి పట్టలేవని డాక్టర్లు చెప్పేశారు.

విచారణకు కంపెనీ నుంచి సుచరిత అనే ఇంజనీరు వచ్చింది. ఆమె వైకుంఠంతో దాపరికం లేకుండా మాట్లాడింది. బిళ్ళ దొరక్కపోవడం కంపెనీ తప్పో, అమ్మేవాడి తప్పో అయితే అసిరమ్మ బతికినంతకాలం కంపెనీ పోషిస్తుంది. అమ్మేవాడి తప్పని తేలితే ఏజెన్సీ తీసేస్తారు. దొరికే బిళ్ళను ఆమే పెట్టుకోకపోతే మాత్రం ఎవరికీ బాధ్యత లేదు.

ఇద్దరూ ఆసుపత్రికి బయలుదేరారు. కారులో వైకుంఠం లోలోపల ఒక ఒప్పందానికి వచ్చాడు. నిజం అసిరమ్మ నోట వస్తే కాదనకూడదు. రాకపోతే తను ముందుపడకూడదు.

వన్నెబిళ్ళ లేకుండా పొయ్యి ఎందుకు వాడారని సుచరిత అడిగింది.

"వన్నెబిళ్ళంటే ఏటమ్మా?" అంది అసిరమ్మ.

ఉప్పుబిళ్ళేనని వైకుంఠం అందించాడు. మరి కొట్లో అడగలేదా అంది సుచరిత. అసిరమ్మ అతనివైపు చూసింది. అతను కట్లవైపు చూశాడు.

"అడిగినానమ్మా. సావుకారుని అనకండి. దీపాలెట్టేసినాక అడిగినాను. అడక్కూడని యేళ అడిగినాను. తప్పు నాదే."

సుచరితకు అర్థం కాలేదు. వైకుంఠం వైపు తిరిగింది. "దీపాలు పెట్టాక అంటే ఏమిటండీ?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అతని నాలిక దాకా వచ్చింది.

"కొట్టు కట్టేసే వేళండి" అన్నాడు.

సుచరిత తల ఊపింది. కొట్టు మూసిన తరవాత బిళ్ళ దొరకలేదంటే అది అమ్మేవాడి తప్పు కాదు, కంపెనీ తప్పు అంతకన్నా కాదు. అసిరమ్మకు జాగ్రత్తలు చెప్పి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

వైకుంఠం మంచం పక్కనే నిలబడిపోయాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేటి సావుకారూ? బేరాలేళ కొట్టొగ్గేసి వొచ్చినావు. ఎల్లు, ఎల్లు."

అతను వెళ్ళాడు. దీపాలు పెట్టాక కూడా, బేరాల వేళంతా కొట్లోనే ఉన్నాడు.