అప్పాయమ్మ నడక

డ్రాయింగ్ పీరియడ్ సగంలో ఉండగా ఆరో తరగతి వెనక బెంచీలో నవ్వులు మొదలయ్యాయి. కారణం శశిభూషణ్ చేతిలోని చిన్న పుస్తకం.

పాత నోట్‌బుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చిన్నగా కత్తిరించి, ఒక పక్క దారంతో కుట్టిన పుస్తకం అది. పేజీ పేజీకీ బొమ్మను రవ్వంత మార్చి వేసి, బొటనవేలితో గబగబా తిప్పితే బొమ్మ కదులుతుంది. టీవీలో కార్టూన్లు కదిలేది కూడా ఇలాగేనని యెహెజ్కేలు మాస్టారు కిందటి వారం చెప్పారు. అప్పట్నించీ క్లాసంతటికీ ఇదే పిచ్చి. అందరికన్నా బాగా వేసినవాళ్ల పుస్తకాన్ని సోమవారం స్కూలు యానివర్సరీలో బల్ల మీద పెడతారు. అది తన పుస్తకమే కావాలని శశి పట్టుదల.

మిగతావాళ్లు బంతుల్నీ కొంగల్నీ ఎగరేస్తుంటే శశి ఏకంగా మనిషినే నడిపించాడు. ఆ మనిషి స్కూలు ఆయా అప్పాయమ్మ. ఆవిడ కాస్త కుంటుతుంది. శశి పుస్తకంలో మాత్రం ఓ పక్కకి పడిపోయేంతగా కుంటింది. పిల్లలు కడుపుబ్బ నవ్వారు. నిజం చెప్పాలంటే, శశికి ఆ నవ్వులు ఎంతో బావున్నాయి.

మాస్టారు పుస్తకం తీసుకుని రెండుసార్లు తిప్పారు. ఆయన నవ్వలేదు.

"గీత బావుంది. కానీ మనిషి గాల్లో తేలుతోందిరా. బరువు ఏ కాలి మీద పడుతోందో తెలియకపోతే అది నడక ఎలా అవుతుంది?" అన్నారు.

సరిగ్గా అప్పుడే అప్పాయమ్మ కుండలో నీళ్లు పొయ్యడానికి బకెట్‌తో లోపలికొచ్చింది. క్లాసంతా గప్‌చుప్.

"ఏంటి బాబూ, నన్ను చూసి నవ్వాపేశారు?" అంది ఆవిడ.

"శశి నీ బొమ్మ వేశాడు అప్పాయమ్మా," అనేసింది ముందు బెంచీలో ఉన్న సారిక.

"ఏదీ, ఇలా ఇవ్వండి మాస్టారూ."

మాస్టారు శశి వైపు చూశారు. శశి తల ఎత్తలేదు. చివరికి ఆయన పుస్తకం ఇచ్చారు. అప్పాయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, పేజీలు మెల్లగా తిప్పింది.

"నడక నాదే," అంది. ఆ గొంతులో కోపం లేదు. "మరి బకెట్టేది బాబూ? చేతిలో బరువు లేకపోతే నేనింత వంగను."

పుస్తకం బెంచీ మీద పెట్టి, కుండ నింపి వెళ్లిపోయింది. శశికి చచ్చేంత సిగ్గేసింది. రెండు తిట్టినా బావుండేదనిపించింది.

మర్నాడు శనివారం. సాయంత్రంలోగా పుస్తకాలు ఇచ్చెయ్యాలి. శశి మొదటి బెల్లుకి గంట ముందే వచ్చి, కొత్త కాగితాలతో వరండా మెట్ల మీద కూర్చున్నాడు.

అప్పాయమ్మ బోరింగు దగ్గర బకెట్ నింపి కుడిచేత్తో ఎత్తింది. కుడి భుజం కిందికి దిగింది. ఎడమ చెయ్యి పక్కకి చాచింది. బరువంతా కుడి కాలి మీదికి వచ్చాక, ఎడమ కాలు నెమ్మదిగా ముందుకు లాక్కుంది. ఒక్క అడుగుకే శశికి ఆరు బొమ్మలు పట్టాయి. బకెట్ ఖాళీ చేసి తిరిగి వెళ్లేటప్పుడు ఆవిడ నడకలో కుంటు ఉందో లేదో అన్నట్టుంది. రోజూ చూసే మనిషే. ఈ సంగతి మాత్రం ఎప్పుడూ గమనించలేదు.

మొత్తం ఎనిమిది గదులు, గదికో కుండ. అయిదో బకెట్ తెస్తూ ఆవిడ దారి మధ్యలో ఆగింది. బకెట్ కింద పెట్టి, నడుం పట్టుకుని నిలబడింది. శశి ఆ బొమ్మ సగం వేశాడు. అక్కడితో ఆపేశాడు. కాగితాలు సంచిలో పెట్టి లేచి వెళ్లాడు.

"బొమ్మలయిపోయాయా బాబూ?"

"లేదండి. ఇంకా సగం ఉన్నాయి."

"ఇవాళే ఇవ్వాలంట కదా? పోయి వేసుకో."

"తర్వాత వేస్తానండి," అంటూ శశి బకెట్ పట్టుకున్నాడు.

"వదిలెయ్ బాబూ, ఒలికిపోద్ది."

శశి వదల్లేదు. రెండు చేతులా ఎత్తబోయి, కుదరక, ఆవిడలాగే కుడిచేత్తో ఎత్తాడు. అతని భుజం కూడా కిందికి దిగింది.