కీచుమనడం మానేసిన బ్రేకు

దెయ్యాలకు రాత్రే కావాలని చెప్పినవాళ్లు గోదావరిఖనిలో మే నెల మధ్యాహ్నం చూసి ఉండరు. ఆ ఎండకు రోడ్డు మీద కుక్క కూడా కనబడదు. నా రేకుల షెడ్డులో బ్రేకులు బాగుచేస్తూ ఇరవై ఏళ్లు గడిపాను. ఆ రోజు వీరేందర్ కారు తెచ్చాడు. బొగ్గు గనిలో పని అతనికి. కారు పాతది, వారం కిందటే కొన్నాడు.

"షోయబన్నా, బ్రేకు తొక్కితే కీచుమంటది. మా ఇంటామె రాజకుమారికి నెలలు నిండినయ్. దవాఖానకు ఈ కార్లనే పోవాలె. ఆ సప్పుడుకు ఉలిక్కిపడుతున్నది."

"ఫికర్ చెయ్యకు. గిదో పనా?"

ముందు చక్రాలు విప్పాను. ప్యాడ్లు అరిగిపోలేదు. బొగ్గు పొడి పట్టి, ముఖం నున్నబడి ఉంది. పొడి దులిపి, గరుకు కాగితంతో రుద్దాను. ప్యాడ్ల వీపుకు మాత్రం గ్రీజు రాశాను. ముఖానికి అంటితే బ్రేకు పడదు మరి.

వీరేందర్ గొంతు తగ్గించాడు. "అమ్మినామె ఈ సప్పుడు పోగొట్టద్దన్నదన్నా. కారు ఆమె పెనిమిటి రాయమల్లు కాకది. గనిల కప్పుకు దుంగలు నిలబెట్టేటోడు. దుంగ కిర్రుమంటే అందరిని బయటికి ఉరికిచ్చేటోడట. ఒకనాడు దుంగ సప్పుడు చెయ్యలె... కప్పు మీద పడ్డది."

"దుంగ దుంగే, బ్రేకు బ్రేకే," అని నవ్వాను. అప్పుడే నోరు మూసుకోవాల్సింది.

కారును మట్టి గుట్టల దారిలో ఒక్కడినే తిప్పి చూశాను. కీచుమనలేదు. అద్దాలన్నీ ఎక్కించే ఉన్నా, ఉన్నట్టుండి తడి కర్ర వాసన వచ్చింది. గనిలోంచి పైకొచ్చిన వాళ్ల బట్టలకుండే వాసన.

వెనక సీటు దగ్గర... దబ్.

ఎవరో నేలను కాలితో తొక్కినట్టు. తిరిగి చూశాను. ఎవరూ లేరు.

మళ్లీ బ్రేకు వేయబోయాను. నా కాలికంటే ముందే... దబ్.

భయంతో కారును షెడ్డుకు ఉరికించాను. వీరేందర్ ఫోను చెవికి పెట్టుకుని ఎదురొచ్చాడు. "నొప్పులొస్తున్నయట!" అంటూ తాళాలు గుంజుకున్నాడు. చెప్పాలనుకున్నాను. ఏమని చెప్పను? కారు కదిలిపోయింది.

అరగంట ఆగలేక ఆగి వీరేందర్‌కు ఫోన్ చేశాను. రాజకుమారి ఎత్తింది, నొప్పితో మూలుగుతూ.

"అన్నా... సప్పుడు పోయింది. గానీ నా పక్కకు కూసున్న కాక ఎవరు? నీ మనిషా? ఇంటికాడి నుంచి ఊకె నేల తొక్కుతున్నడు. ఈయనేమో నా పక్కకు ఎవ్వరు లేరంటడు..."

"వీరేందర్‌కు చెప్పమ్మా! కారు ఆపమను, జల్ది!"

ఆమె "కారు ఆపు!" అని అరవడం వినబడింది. తర్వాత చిన్నగా అంది...

"కాక 'బయటికి ఉరుకుండ్రి' అనుకుంట దిగిపోయిండన్నా. కారు ఇంకా ఉరుకుతనే ఉన్నది... తలుపు తియ్యనే లేదు."