ఏడో మంచం లెక్క

ఎనెల్దా, నలభై ఆరేళ్లు, కాఫీ చల్లారాకే తాగుతుంది. బారంకియా అనే ఊళ్లో ఓ ఆస్పత్రి ఐసీయూలో రాత్రి నర్సు. ఆమె నాకు చెప్పిందే చెబుతున్నాను.

అక్కడ ఏడో మంచానికి చెడ్డపేరు... పోవాల్సినవాళ్లు లేచి కూర్చుంటారని. ఎప్పుడో చచ్చిన మంత్రసాని వచ్చి వాళ్లను వెనక్కి లాగుతుందట. అటు వెళ్తే ఆయాలు గుండెల మీద సిలువ గుర్తు వేసుకునేవాళ్లు.

ఆ రాత్రి దానిమీద యోలాయిదా. ఇరవై మూడేళ్లు, రెండు రోజుల బాలింత. ఫిట్స్ వచ్చి స్పృహ తప్పింది.

ఐసీయూలో ఎవరు పోతారో లెక్కగట్టే కాగితం ఒకటుంది. గుండె వేగానికిన్ని మార్కులు, రక్తం పలచబడితే ఇన్ని, తెల్లకణాలు పెరిగితే ఇన్ని. యోలాయిదా పోవడానికి వందకు డెబ్భై ఎనిమిది పాళ్లు అంది కాగితం. డాక్టర్ బారియోస్ దాన్ని బైబిలు కంటే గట్టిగా నమ్మే మనిషి. మంచం ఆశ ఉన్నవాళ్లకు కావాలి, తెల్లారేలోగా ఈమెను వార్డుకు దించెయ్యమన్నాడు. వార్డులో కనిపెట్టుకునేవాళ్లు లేరు. మళ్లీ ఫిట్స్ వస్తే అంతే.

నాలుగున్నరకు ఎనెల్దా స్ట్రెచర్ తోసుకెళ్లి తెర జరిపింది...

తెల్లటి ఆకారం. విరబోసిన జుట్టు. మంచం మీద నిటారుగా —

ఎనెల్దా స్ట్రెచర్‌ను అడ్డంగా లాక్కుంది. మంత్రసానికి దణ్ణం పెట్టాలో, పరుగెత్తాలో...

ఆకారం చెయ్యి చాచింది.

"అక్కా... కోడి సూప్ తెచ్చారా ఎవరన్నా?"

"యోలాయిదా... బతికే ఉన్నావా?"

"లేకపోతే ఆకలెందుకేస్తుంది? నా పాపేదీ?"

ఎనెల్దా స్ట్రెచర్ వెనక్కి తోసేసింది. పొద్దున డాక్టరు వచ్చి సూప్ తాగుతున్న మనిషిని, కాగితాన్ని మార్చి మార్చి చూసి, మళ్లీ కూడమన్నాడు. కూడితే అదే డెబ్భై ఎనిమిది. కాగితం తప్పదట. తప్పితే యోలాయిదాయే తప్పాలి.

అప్పుడు ఎనెల్దా కాగితం తిరగేసింది. వెనక చీమ తలకాయంత అక్షరాలు: గర్భిణులను, బాలింతలను ఈ లెక్కలో చేర్చలేదు.

బిడ్డను మోసిన ఒంట్లో గుండె పరుగెడుతుంది, రక్తం పలచబడుతుంది, తెల్లకణాలు పెరుగుతాయి. కాగితానికి అదంతా చావు. మగ రోగుల కంటబడకూడదని బాలింతలందర్నీ ఆ మూల తెర వెనకే, ఏడో మంచం మీదే పడుకోబెట్టేవాళ్లు. కాగితం పోతారన్నవాళ్లు అందుకే అక్కడ లేచి కూర్చునేవాళ్లు. పాపం, మంత్రసానికి ఏమీ తెలియదు.

తర్వాత ఎనెల్దా గత తొమ్మిదేళ్ల కేసులు తిరగేసి బాలింతలకు వేరే కాగితం తయారుచేసింది. అచ్చులో డాక్టర్ బారియోస్ పేరు వచ్చింది. ప్రతి కాపీ మీదా ఆ పేరు కొట్టేసి, పెన్నుతో తన పేరు రాసింది.