ఆగిన నీళ్ళలో జాడించిన తాను

ఆ వారం వాతావరణానికి మతి లేదు. కార్తీకం సగం గడిచింది, వానలు సెలవు పుచ్చుకోవాల్సిన రోజులు. అయినా పొద్దున్న మంచు, పదింటికి మాడు పగిలే ఎండ, భోజనాల వేళకి ఈదురుగాలి, సాయంత్రానికి ముసురు. వాయుగుండం ఇటే వస్తోందని టీవీలో ఒక రోజు చెప్పారు, ఒడిశా వైపు తిరిగిందని మర్నాడు చెప్పారు. బందరు రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, దించారు, మళ్ళీ ఎగరేశారు. పెడన చుట్టుపక్కల అద్దకం పనివాళ్ళకి ఇలాంటి వారం కంటే జ్వరం నయం. జ్వరానికైతే మాత్ర ఉంది.

ఖైరున్ బీ ఇల్లు కాలువ గట్టుకి రెండు వందల గజాల దూరంలో ఉంటుంది. ముందు ఇల్లు, వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఆమె భర్త అల్లాబక్షు ముప్పై ఐదేళ్ళుగా చెక్క అచ్చులతో గుడ్డల మీద పూలూ తీగలూ అద్దుతున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం. కొత్తలో గురువు చేత నాలుగు తిట్లు తిన్నాడు గానీ, ఆ చేతి దెబ్బకి ఇప్పటికీ అచ్చు ఒక్క వెంట్రుక వాసి కూడా పక్కకి పోదు. తండ్రిని అచ్చుగుద్దినట్టుండే కొడుకు నవాజ్ అద్దిన గుడ్డల్ని కాలువలో జాడిస్తాడు. ఖైరున్ బీ వాటిని రాగి బానలో ఉడకబెడుతుంది. నవాజ్‌కి ముందు పుట్టిన ఇద్దరూ ఆమెకి దక్కలేదు. అందుకే ఇరవై మూడేళ్ళవాడు తుమ్మినా ఆమె పొయ్యి మీద కషాయం పెట్టేస్తుంది. కాకిపిల్ల కాకికి ముద్దని వీధిలో వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, పోయిందీ లేదు, వచ్చిందీ లేదు.

ఈ పనిలో ఒక చిత్రం ఉంది. ఎరుపు రావాల్సిన చోట ఎరుపు వెయ్యరు, పటిక కలిపిన జిగురు అద్దుతారు. ఆరాక అక్కడ కంటికేమీ ఆనదు. తర్వాత దాన్ని పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ వేరు వేసి ఉడకబెడితే, పటిక పట్టిన చోటల్లా ఎరుపు తేలుతుంది. ఇక ఆ గుడ్డ చిరిగిపోయినా ఆ రంగు పోదు.

జాడించే నీళ్ళు మాత్రం పారుతూనే ఉండాలి. ఆగిన నీళ్ళలో జాడిస్తే, వదిలిన పటిక ఎటూ పోలేక మళ్ళీ గుడ్డకే అంటుకుని మచ్చలు పడతాయి. ఇది పైకి చెప్పే కారణం. పెద్దవాళ్ళు ఇంకోటి కూడా చెప్పేవాళ్ళు, పిల్లలు పక్కన లేనప్పుడు. కాలువ నడుస్తున్నంతసేపు అందులో పడిందేదైనా సముద్రానికి పోతుంది. కాలువ ఆగితే, పోలేకపోయింది ఒడ్డు వెతుక్కుంటుంది. ఉప్పెన వచ్చిన ఏడాది కాలువలన్నీ ఆగిపోతే, అద్దకం ఇళ్ళలో నెల్లాళ్ళ పాటు ఒక్క గుడ్డ కూడా తడపలేదట.

సోమవారం కాలువ లాకులు మూసేశారు. కోతకొచ్చిన చేలల్లో అప్పటికే నీళ్ళు నిలిచాయని రైతులు గోల పెట్టారు. అల్లాబక్షు ఆ పొద్దున్నే గుడివాడలో చుట్టాలింట పెళ్ళికి వెళ్ళాడు. ఆయన బస్సెక్కిన గంటకి మబ్బు విడిచి ఎండ కాసింది. షెడ్డులో అద్దిన గుడ్డ తానులు మూడు అప్పటికి వారంగా ఆరీ ఆరక వేలాడుతున్నాయి.

"అమ్మా, వాసన చూడు. ఇవాళ జాడించకపోతే మూడూ బూజు పట్టేస్తాయి," అన్నాడు నవాజ్.

"లాకులు మూశారు కదరా."

"నీళ్ళు తేటగానే ఉన్నాయి. గబగబా కానిచ్చేస్తాను."

ఖైరున్ బీ ఆకాశం వంక చూసింది. ఈ ఎండ మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? "సరే, త్వరగా వచ్చెయ్," అంది. ఆ ఒక్క మాటే వారమంతా ఆమెని కాల్చుకు తిన్నది.

నవాజ్ మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చాడు. అన్నం కలిపాడు గానీ తినలేదు.

"ఏంట్రా?"

"ఏం లేదు... తాను విసిరితే అవతలి కొస నీళ్ళ మీద తేలుతుంది కదా. ఇవాళ తేల్లేదు. బరువుగా ఉంది. లాగితే వదిలేది... మళ్ళీ పట్టుకునేది."

"నాచు అయ్యుంటుంది."

"నేనూ అదే అనుకున్నాను." వాడు గొంతు తగ్గించాడు. "నేను లాగడం ఆపాను. అప్పుడు అది లాగింది."

ఆమె వాడి నుదురు తడిమి చూసింది. కాస్త వెచ్చగా ఉంది. భర్త రాగానే ఇవన్నీ చెప్పాలనుకుంది. తీరా ఆయన పెళ్ళి లడ్డూలతో నవ్వుతూ వచ్చేసరికి, లాకులు మూశాక జాడించాం అని చెప్పడానికి నోరు రాలేదు.

మంగళవారం పొద్దస్తమానం ముసురు. బుధవారం మళ్ళీ ఎండ కాసింది. ఖైరున్ బీ బాన కింద మంట పెట్టి మొదటి తానుని ఉడకేసింది. మంజిష్ఠ వాసన, తడిసిన కట్టెల పొగ, ఎప్పుడూ ఉండేవే. కానీ ఆ రోజు ఆవిరిలో కాలువ అడుగు బురద వాసన కూడా వచ్చింది. కర్రతో తానుని పైకెత్తింది. పూలు ఎర్రగా విచ్చుకున్నాయి. తాను చివర, పూలు లేని చోట, ఒక చెయ్యి అచ్చు ఉంది.

నవాజ్ పటిక చేత్తో ముట్టుకున్నాడనుకుంది. వాణ్ణి పిలిచి, అచ్చు పక్కన వాడి చెయ్యి పెట్టించింది. కొలత సరిపోలేదు. పైగా ఎవరి చెయ్యి అద్దినా అరచేతిలో గీతలు పడాలి. అందులో ఒక్క గీత కూడా లేదు. ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది.

గురువారం ఈదురుగాలికి రేకులు దడదడలాడుతుంటే రెండో తాను ఉడికింది. ఈసారి చెయ్యి ఒకటి కాదు. తాను ఒక కొస నుంచి రెండో కొస దాకా వరసగా ఉన్నాయి. చెయ్యి, మోకాలు, చెయ్యి, మోకాలు. తీగల మీదుగా, పూల మీదుగా ఏదో పాక్కుంటూ వచ్చింది... నవాజ్ పట్టుకున్న కొస దాకా వచ్చింది.

 ఖైరున్ బీ భర్త చెయ్యి పట్టుకుని సోమవారం సంగతంతా చెప్పేసింది. అల్లాబక్షు కోప్పడలేదు. ఆయన కోప్పడకపోవడం చూసి ఆమెకి ఇంకా భయం వేసింది.

"మూడోది ఉడకెయ్యకండి," అంది.

"వెయ్యాలి. ఏముందో చూడకపోతే ఏం చెయ్యాలో ఎలా తెలుస్తుంది?"

శుక్రవారం మంచు. పొద్దున్న పదైనా ఎదురింటి గోడ కనపడలేదు. ముగ్గురూ బాన చుట్టూ నిలబడ్డారు.  నీళ్ళు తెర్లుతున్న చప్పుడు ఒక్కటే. అల్లాబక్షు ఎడమచేత్తో కర్ర వేసి తానుని మెల్లగా పైకి లాగాడు.

తాను నడిమధ్యన ఒక ముఖం ఉంది.

తడిగుడ్డ ముఖానికి అదిమితే పడే గుర్తులాగే ఉంది. వెడల్పు నుదురు. వంకర ముక్కు. మూసిన కళ్ళు. మిగతావన్నీ తీగల్లో కలిసిపోయాయి. ఖైరున్ బీకి మిగతావి అక్కర్లేదు. ఆ నుదురూ ఆ ముక్కూ ఆమె ఇరవై మూడేళ్ళుగా తుడుస్తున్నవే.

"నవాజ్‌ది..." అంది. 

అల్లాబక్షు చాలాసేపు ఆ ముఖాన్ని చూశాడు. తర్వాత తానుని మడతపెట్టి, కట్టెల కింద పెట్టాడు. నవాజ్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం లాకుల దగ్గర పనిచేసే పిచ్చేశ్వరరావు వచ్చాడు. చిన్నప్పుడు అల్లాబక్షుతో కలిసి చదువుకున్నవాడు. సంగతి విని తలుపు దగ్గరగా వేశాడు. "రేపు పొద్దున్న లాకులెత్తుతున్నాం, బావా. నీళ్ళు జోరుగా పోతాయి. ఆగిన నీళ్ళలో అంటుకుంది పారే నీళ్ళలో వదలాలి. లాకుల కిందకి తీసుకొచ్చెయ్. నవాజ్ మాత్రం నీళ్ళ దరిదాపులకి రాకూడదు."

శనివారం ఎండా వానా కలిసి వచ్చాయి. కుక్కకీ నక్కకీ పెళ్ళి అని చిన్నపిల్లలు వీధిలో గెంతుతున్నారు. అల్లాబక్షు ఆ తానుని చంకలో పెట్టుకుని, తడిసిపోతుందని ఫోన్ అలమరలో పెట్టేసి బయలుదేరాడు. గుమ్మం దగ్గర ఆగి భార్యతో ఒకే మాట చెప్పాడు.

"నేను వచ్చేదాకా వాణ్ణి గడప దాటనివ్వకు, ఖైరూ."

ఆమె గడపకి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. లోపల నవాజ్ ఫోన్ చూసుకుంటూ పడుకున్నాడు. కాసేపటికి కాలువ కదిలిన చప్పుడు వినపడింది. అయిదు రోజుల తర్వాత నీళ్ళు నడుస్తున్నాయి. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. దేవుడికి దండం పెట్టుకుంది, పీర్ల చావడికి చక్కెర పంచుతానని మొక్కుకుంది. వాడికోసం ఇంకేమడిగినా ఇచ్చేసేదే.

గంట తర్వాత వీధిలో పిల్లల అల్లరి ఆగిపోయింది. తలెత్తి చూసింది. అల్లాబక్షు వస్తున్నాడు.

నిలువెల్లా తడిసిపోయాడు. చేతిలో తాను లేదు. అరుగు దాకా వచ్చి ఆగాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. చన్నీళ్ళలో నిలబడ్డాడు కదా, ఎందుకు కందదు అనుకుంది.

"వదిలిందా?" అని గుసగుసగా అడిగింది.

"వదిలింది."

"అల్లా..." పీట మీదే కూలబడింది. "లోపలికి రండి. టీ పెడతాను."

ఆయన లోపలికి రాలేదు. తల కిందికి వంచుకునే ఉన్నాడు. "నవాజ్‌ని పంపు. గుడ్డ గట్టు మీదే ఉంది. నీళ్ళు పీల్చి బరువెక్కింది. ఒక్కణ్ణే మొయ్యలేను."

ఆయన వచ్చేదాకా దాటనివ్వొద్దన్నాడు. ఆయన వచ్చాడు. ఇంకేం కావాలి? ఆమే లేచి పీట పక్కకి జరిపింది. ఆమే కొడుకుని పిలిచింది. నవాజ్ చెప్పులేసుకుని బయటికొచ్చాడు. రెండు రోజులుగా ఇంట్లో కుక్కేశారేమో, వాడి ముఖం వెలిగిపోతోంది. తండ్రి వాడి భుజం మీద కుడిచెయ్యి వేశాడు. ఇద్దరూ ఎండావానలో నడిచి సందు మలుపు తిరిగారు. ఖైరున్ బీ వాళ్ళ వీపులు కనపడినంతసేపూ చూస్తూ నిలబడి, తర్వాత టీ గిన్నె తోముకుంది.

గిన్నె పొయ్యి మీద పెడుతుంటే ఆమె ఫోన్ మోగింది. పిచ్చేశ్వరరావు నంబరు.

"చెల్లెమ్మా, నేను. ఉండు, బావ మాట్లాడతాడంట."

బావ?

"ఖైరూ..." భర్త గొంతు. రొప్పుతున్నాడు. వెనక లాకుల హోరు. "తాను చేతిలోంచి జారిపోయింది. కొట్టుకుపోతుందనుకున్నాం. పోలేదు. పారే నీళ్ళకి ఎదురెక్కి... మన గట్టు వైపు వచ్చింది. మేం గట్టు వెంబడి పరిగెడుతున్నాం. వాడు ఇంట్లోనే ఉన్నాడు కదా? విను... నిన్న నువ్వు భయపడతావని చెప్పలేదు. ఆ ముఖం వాడిది కాదు. అది నాది."

 కొడుకు భుజం మీద పడిన చెయ్యి ఆమె కళ్ళ ముందు మెదిలింది. కుడిచెయ్యి. ఆయన గ్లాసు అందుకున్నా, పిల్లాణ్ణి దగ్గరకి తీసుకున్నా ఎడమచెయ్యే ముందుకొస్తుంది. అచ్చులో కుడిఎడమలు ఎప్పుడూ తిరగబడే పడతాయి. ఆ ఇంట్లో పుట్టిన పిల్లికి కూడా తెలిసిన సంగతి అది.

"ఖైరూ? వాడు ఇంట్లోనే ఉన్నాడు కదా?"

ఆమె ఫోన్ కట్ చేసింది. రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి నవాజ్‌కి కలిపింది. మోగింది... మోగింది... వంటింటి కిటికీలోంచి వీధి కనపడుతోంది. వీధి ఖాళీగా ఉంది. ఆమె ఇంకా పొయ్యి దగ్గరే ఉంది. నవాజ్ ఫోన్ ఎత్తాడు.

"నవాజ్... ఆగు నాన్నా. అక్కడే ఆగిపో. ఆయనతో వెళ్ళకు. వెనక్కి వచ్చెయ్..."

వాడు నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే.

"అదేంటమ్మా, ఫోనెందుకు?" అన్నాడు. "మా వెనకాలే వస్తున్నావుగా."